శ్రేఢి, అవ్యక్తము, వృత్తము: మన బడిలెక్కల పూర్వకథ

నేటి ప్రసంగవిషయము గణితము. ఆ మాట వినగానే ఇది పిల్లల పాఠమని తలంచి లేవవలదని నా ప్రార్థన. నేను చెప్పబోవునది పదవ తరగతి పుస్తకములోని మూడు పాఠముల చరిత్ర: శ్రేఢులు, బహుపదులు, వృత్తములు. ఈ మూడును మన పూర్వు లెరిగినవే. వానిలోని మాటలు పెక్కు వారు పెట్టినవే. అవి ఏ దారిని నడచి నేటి పుస్తకములోనికి వచ్చినవో, ఆ దారిలో మనము దేనిని జారవిడిచితిమో తెలిసికొనినచో, మీ మనుమని చదువును గూర్చి మీరు అడుగవలసిన ప్రశ్న ఏదియో మీకే తోచును.

హైదరాబాదు నగరమునకు తూర్పున, బెజవాడకు పోవు రాజమార్గముమీద, మలక్‌పేట దాటిన పిదప దిల్‌సుఖ్‌నగరు, చైతన్యపురి, కొత్తపేట, ఎల్.బి.నగరు వరుసగా వచ్చును. నల్లగొండ, సూర్యాపేటల వైపునుండి బస్సులో వచ్చువారికి ఎల్.బి.నగరు కూడలియే నగరద్వారము. నాగార్జునసాగరపు దారియు అచ్చటనే కలియును. లాల్ బహదూర్ శాస్త్రిగారి పేర వెలసిన పేట అది. 2018వ సంవత్సరము సెప్టెంబరు 24వ తేదీన అమీర్‌పేటనుండి అచ్చటివరకు మెట్రో రైలు నడచుట మొదలైనది. దిల్‌సుఖ్ అనగా హృదయసుఖము. ఆ పేరుగల పేటలో నేడు సందుసందునకును శిక్షణాలయములు, విద్యార్థుల వసతిగృహములు. జూన్ మాసము వచ్చినదన్న, పెట్టె యొకటి, పరుపుచుట్ట యొకటి, బియ్యపు సంచి యొకటి దించుకొని, కుమారుని చేయి పట్టుకొని వెదకుచు తిరుగు తండ్రులు అచ్చట నిత్యము కనబడుదురు. నా నివాసమును ఆ ప్రాంతమే కావున ఈ దృశ్యము నాకు కొత్తగాదు. ఆ తండ్రి చేతిలోని రొక్కము పత్తి అమ్మగా వచ్చినదో, అప్పు తెచ్చినదో అతని ముఖమే చెప్పును. ఆ రొక్కమునకు బదులుగా కుమారుడు ఏమి నేర్చుచున్నాడన్నది మనము విచారింపవలసిన సంగతి.

ముందు మాటలను చూతము. కూడికగాని గుణకారముగాని ఒకే తీరున సాగు అంకెల వరుసకు తెలుగు పుస్తకము శ్రేఢి యని పేరు పెట్టినది. ఈ మాటను పుస్తకము వ్రాసినవారు కల్పింపలేదు. మహావీరాచార్యుడును భాస్కరాచార్యుడును ఇదే మాటను వాడిరి. వృత్తముమీది రెండు బిందువులను కలుపు గీత జ్యా. జ్యా యనగా వింటి నారి. ఆ రెండు బిందువుల నడుమనున్న వంపు చాపము, అనగా విల్లు. సున్నకు మించిన సంఖ్య ధనము, తక్కువైనది ఋణము. ఏడవ శతాబ్దిలో, 628వ సంవత్సరమున, బ్రహ్మగుప్తుడు ధనమును ఋణమును శూన్యమును కలుపుటకు తీసివేయుటకు నియమములు చెప్పెను. ఉన్నది ధనము, ఇయ్యవలసినది ఋణము, ఏమియు లేనిది శూన్యము. పద్దు వ్రాసిన ప్రతి గృహస్థునకు తెలిసిన సంగతియే శాస్త్రమైనది.

ఈ శాస్త్రము తెలుగున కెప్పుడు వచ్చెను? తెలుగులో లభించిన గణితగ్రంథములలో మొదటిది పావులూరి మల్లన రచించిన సారసంగ్రహ గణితము. దీనికి మూలము మహావీరాచార్యుని గణితసారసంగ్రహము. మహావీరుడు జైనుడు, తొమ్మిదవ శతాబ్దిలో రాష్ట్రకూట ప్రభువగు అమోఘవర్ష నృపతుంగుని కాలమువాడు. రాజమహేంద్రవరమున రాజరాజనరేంద్రుడు ఏలుచుండగా, నన్నయభట్టు భారతమును తెనిగించుచుండగా, పావులూరివారి మల్లనకు పిఠాపురమునకు చేరువనున్న నవఖండవాడ యను గ్రామము అగ్రహారముగా లభించెనని ప్రసిద్ధి. గ్రంథకర్త ఆ మల్లనయే యని కొందరు పండితులును, అతని మనుమడగు వేరొక మల్లన యని కొందరును చెప్పుదురు. ఏది యొప్పుకొన్నను గ్రంథము పదునొకండవ, పండ్రెండవ శతాబ్దులకు ఇటుపోదు. అనగా తెలుగున కావ్యము పుట్టిన ప్రొద్దులలోనే గణితమును పుట్టినది. ఇతర దేశభాషలనేకము ఇంకను లెక్కకు సంస్కృతమునే ఆశ్రయించియున్న కాలమది.

మల్లన మూలమును మక్కికి మక్కిగా దింపలేదు. మూలమున జినేంద్రుని ప్రస్తావన లున్నచోట ఈతడు తన శివభక్తిని నిలిపెను. లెక్కలను తన కాలపు పాఠకునకు తగినట్లు దిద్దెను. మూలమునందలి ముచ్చటలను మాత్రము విడువలేదు. మహావీరునకు అంకెల హారములు కూర్చుట యన్న ప్రీతి. ఒకటి చెప్పెదను, ఇంటికడ పిల్లలచే చేయించి చూడుడు. 152207 అను సంఖ్యను 73 చే గుణించినచో ఎనిమిది ఒకట్లు వరుసగా నిలుచును. 14287143 ను 7 చే గుణించినచో 100010001 వచ్చును. రత్నములు పొదిగిన కంఠహారమువలె ఎటునుండి చదివినను ఒక్కటే. లెక్క యన్న భయపడు బాలునకు ఇట్టిది మొదట చూపవలెనని ఆ జైనాచార్యుడు పదునొకండు వందల ఏండ్ల క్రిందటనే గ్రహించెను.

ఇక శ్రేఢికి వత్తము. చదరంగపు బల్లకు 64 గళ్లు. మొదటి గడిలో ఒక గింజ, రెండవ గడిలో రెండు, మూడవదానిలో నాలుగు, ఇట్లు రెట్టింపు చేయుచు పోయినచో మొత్తమెన్ని గింజలు? ఈ కథను మీలో పెక్కురు వినియుందురు. దీని సమాధానమును తెలుగున ఒక పద్యములో బంధించి చెప్పిన ఖ్యాతి మల్లనదే. ఇరువది అంకెల సంఖ్య పద్యములో ఎట్లు ఇముడును? అందుకు పెద్దలు ఒక ఉపాయము కనిపెట్టిరి. చంద్రుడొక్కడే కావున శశి యన్న 1. అగ్నులు మూడు కావున అగ్ని యన్న 3. వేదము 4. మన్మథుని బాణములు ఐదు కావున శరము 5. దిగ్గజములు ఎనిమిది కావున కుంజరము 8. ఆకాశము శూన్యము కావున గగనము 0. ఇట్టి మాటలను కూర్చి, కుడినుండి ఎడమకు అంకెలు వేసికొనవలెను. ఛందస్సు కాపలా యున్నందున లేఖకుడు అంకె తప్పినచో పద్యము కుంటును. తప్పు వెంటనే దొరకును. ఆ విధముగా వచ్చు సంఖ్య 1,84,46,74,40,73,70,95,51,615. కిలోకు యాబదివేల గింజల లెక్కను ఇది సుమారు ముప్పదియారువేల తొమ్మిదివందల కోట్ల టన్నుల బియ్యము. నేడు ప్రపంచమంతటను ఏటేట పండు బియ్యము యాబది కోట్ల టన్నుల ప్రాంతమున నున్నది. అనగా లోకమంతయు ఏడు వందల ఏండ్లు పండించి ఒక్క బల్లమీద పోయవలెను.

ఈ మొత్తము నెట్లు కనుగొనిరి? అరువదినాలుగు సంఖ్యలను వరుసగా కూడనక్కరలేదు. 1, 2, 4, 8 కూడినచో 15. తరువాతి గడిలోనిది 16. దానికి ఒకటి తక్కువ. ఎచ్చట ఆపినను ఇంతే. మొత్తము తరువాతి గడికన్న ఒకటి తక్కువగా నుండును. ఏలన, మొదట చేతనొక్క గింజ అదనముగా నుంచుకొని చూడుడు. ఆ యొకటి, మొదటి గడిలోని యొకటి కలిసి రెండు. ఆ రెండు, రెండవ గడిలోని రెండు కలిసి నాలుగు. ఆ నాలుగు, మూడవ గడిలోని నాలుగు కలిసి ఎనిమిది. ప్రతిసారియు తరువాతి గడి నిండుచున్నది. చివరకు చేతిలోని ఆ యొక్క గింజను తీసివేసిన సరి. కారణ మింతియే. ఇది తెలిసినవానికి సూత్రము మరపునకు రాదు. వచ్చినను తిరిగి కట్టుకొనగలడు.

ఈ రెట్టింపు కథ మన ఇండ్ల గడపలలోనే నిత్యము జరుగుచున్నది. పల్లెలలో నూటికి రెండు రూపాయల వడ్డీ యనగా నెలకు రెండు, ఏడాదికి ఇరువదినాలుగు. పిల్లవాని చదువునకై ఒక రైతు లక్ష రూపాయలు తెచ్చెననుకొందము. సాదా వడ్డీ యైనచో ఏడాదికి ఇరువదినాలుగు వేల చొప్పున, అంకశ్రేఢిగా, మెట్టుమెట్టుగా పెరిగి, పదియేండ్లకు మూడు లక్షల నలువదివేలగును. వడ్డీని ఏటేట అసలులో కలుపు చక్రవడ్డీ యైనచో అది గుణశ్రేఢి. ఆ లక్షయే పదియేండ్లకు ఎనిమిది లక్షల యాబదితొమ్మిదివేలు దాటును. అసలు ఒక్కటే, వడ్డీరేటు ఒక్కటే, కాలమొక్కటే, శ్రేఢి మారినది. మహావీరుడు తన గ్రంథములో వడ్డీ లెక్కలకు విశేషమైన చోటిచ్చుట ఊరక కాదు. పదవ తరగతి పాఠము చదివిన బాలుడు తన తండ్రి వ్రాసియిచ్చిన నోటును చదివి ఈ రెంటిలో ఏది యని చెప్పగలుగవలెను. చెప్పలేకున్నచో ఆ పాఠ మెందుకు?

దిల్‌సుఖ్‌నగరులోని వసతిగృహమునుండి ఒక బాలుడు అప్పుడప్పుడు నా యింటికి వచ్చును. పల్లెటూరి పిల్లవాడు, చురుకైనవాడు. ఒకనాడు వానిని ఒకటి మొదలు పదివరకు కూడిన ఎంత యని అడిగితిని. తృటిలో యాబదియైదు అనెను. సూత్రము చెప్పుమంటిని, తడబడక చెప్పెను. "అది ఎందుకట్లు వచ్చును నాయనా?" అంటిని. "ఎందుకని పరీక్షలో అడుగరు పంతులుగారూ" అనెను. వాని మాటలో పొగరు లేదు, నిజము చెప్పెను. నేను గుప్పెడు చింతగింజలు తెప్పించి, మొదటి వరుసలో ఒకటి, రెండవ వరుసలో రెండు, ఇట్లు పది వరుసలు మెట్లవలె పేర్చితిని. అంతే లెక్కగల మరియొక మెట్ల కుప్పను తలక్రిందులు చేసి దాని ప్రక్కన చేర్చుమంటిని. చేర్చగానే నిండు దీర్ఘచతురస్ర మేర్పడెను: పది వరుసలు, వరుసకు పదునొకండు గింజలు. మొత్తము నూటపది, అందు సగము యాబదియైదు. బాలుడు కొంతసేపు మాటాడలేదు. పిదప, అడుగకయే, రెండు రెండు చొప్పున పెరుగు వరుసను తానే పేర్చుకొని చూచెను. అదియు చతురస్రముగా కుదిరినది. మొదటి పదమును చివరి పదమును కూడి, పదముల సంఖ్యలో సగముచే గుణింపుమని 499వ సంవత్సరమున ఆర్యభటుడు చెప్పినది ఈ సంగతియే. కేరళదేశపు నీలకంఠ సోమయాజి ఆర్యభటీయమునకు భాష్యము వ్రాయుచు శ్రేఢులను ఇట్లే క్షేత్రములుగా, అనగా ఆకారములుగా, పేర్చి చూపెను. నేను చేసిన క్రొత్త యేమియు లేదు. చింతగింజలు మాత్రము నావి.

రెండవ పాఠము బహుపదులు. ఈ మాట క్రొత్తది, వస్తువు ప్రాతది. మూడువందల నలువదియైదు అనగా మూడు నూర్లు, నాలుగు పదులు, ఐదు ఒకట్లు. నూరు పది యొక్క వర్గము. ఆ పదికి బదులు తెలియని సంఖ్య నొకదానిని నిలిపినచో అదియే బహుపది. తెలియని దానిని మనవారు అవ్యక్తమనిరి. యావత్తావత్తు అనియు అనిరి. ఎంత కలదో అంత యని దాని యర్థము. పొడిగా యా అని వ్రాసికొనిరి. ఒకటికి మించి అవ్యక్తము లున్నచో కాలకము, నీలకము అని రంగుల పేర్లు పెట్టిరి. తెలియనిదానికి పేరు పెట్టి, తెలిసినదానివలె దానితో వ్యవహరించుట బీజగణితపు కీలకము. ఊరిలో కొత్తవాడు వచ్చినపుడు పేరు తెలియకున్నను "ఎర్రతలపాగా ఆయన" అని వ్యవహారము నడిపి, పిదప ఊరు పేరు కనుగొనుట లేదా? అట్టిదే.

ఒక ఉదాహరణము. ఒక మడి పొడవు వెడల్పుకన్న నాలుగు గజము లెక్కువ. వైశాల్యము తొంబదియారు చదరపు గజములు. వెడల్పెంత? మడిని నేలపై గీయుడు. వెడల్పునకు మించియున్న నాలుగు గజముల పట్టెను నిలువున రెండుగా చీల్చి, రెండు గజముల పట్టె నొకదానిని అచ్చటనే యుంచి, రెండవదానిని తెచ్చి ప్రక్క అంచున చేర్చుడు. ఇప్పుడు మడి చదరమైనది. ఒక మూలమాత్రము రెండు గజముల చదరము కొరతగా నున్నది. ఆ నాలుగు చదరపు గజములు చేర్చినచో మొత్తము నూరు. నూరు పదియొక్క వర్గము. చదరపు భుజము పది. అందు మనము చేర్చినది రెండు. కావున వెడల్పు ఎనిమిది, పొడవు పండ్రెండు. ఇదియే వర్గసమీకరణమును సాధించు పద్ధతి. శ్రీధరాచార్యుడు దీనిని సూత్రముగా చెప్పెననియు, భాస్కరాచార్యుడు అతనిని పేర్కొని వాడుకొనెననియు గణితచరిత్ర చెప్పుచున్నది. నేటి బాలుడు దీనినే అక్షరములు గుప్పించిన యొక పొడుగుపాటి సూత్రముగా కంఠస్థము చేయును. ఆ సూత్రములోని ప్రతి యక్షరమును ఈ మడి మూలనుండి వచ్చినదని వానికి ఎవరైన చెప్పవలదా?

మూడవది వృత్తము. ఒక గూటము పాతి, త్రాడు కట్టి, చుట్టు తిరిగి గీత గీచుట యజ్ఞవేదికలు కట్టిన శుల్బకారుల నాటినుండి ఉన్నది. వ్యాసమునకు పరిధి ఎన్ని రెట్లన్నది చిరకాలపు ప్రశ్న. మహావీరుడు స్థూలముగా మూడు రెట్లనియు, సూక్ష్మముగా పదియొక్క వర్గమూలమంత యనియు చెప్పెను. ఆర్యభటుడు అంతకుముందే ఇంకను సూక్ష్మముగా చెప్పియుండెను: ఇరువదివేల వ్యాసమునకు పరిధి 62832. అది కూడ ఆసన్నమే, అనగా దరిదాపే, పూర్తిగా సరియైనది కాదని తానే యనెను. ఇరువది అడుగుల వ్యాసముగల బావికి ఒరలు కట్టవలెననుకొందము. స్థూలపు లెక్కకు అరువది అడుగుల కట్టడము. మహావీరుని సూక్ష్మమునకు అరువదిమూడుం బావు. ఆర్యభటునకు అరువదిరెండు అడుగుల పదియంగుళములు. మూటిలో మూడవది నిజమునకు వెండ్రుకవాసి దూరము. స్థూలముతో ఇటుకలు తెప్పించినవానికి దాదాపు మూడడుగుల గోడకు ఇటుకలు చాలవు.

వింటి మాటకు మరల వత్తము. చాపము విల్లు, జ్యా నారి. నారి నడుమనుండి వింటివంపు వరకుగల ఎత్తు శరము, అనగా బాణము. ఈ మూడవ మాట మన బడి పుస్తకమునుండి జారిపోయినది. దాని యుపయోగ మేమని యడుగుదురేమో. పూర్వము బండిచక్రము విరిగి ఒక ముక్క మాత్రమే మిగిలినపుడు పూర్తిచక్రపు వ్యాసము తెలియుటెట్లు? ముక్క యొక్క రెండు కొనలకు త్రాడు బిగింపుడు, అది జ్యా, నాలుగడుగులున్నదనుకొందము. నడుమ ఎత్తు, అనగా శరము, ఒక అడుగు. సగము జ్యా రెండు. దాని వర్గము నాలుగు. దానిని శరముచే భాగింప నాలుగు. దానికి శరము కూడ ఐదు. చక్రపు వ్యాసము ఐదడుగులు. ఆర్యభటుడు చెప్పిన నియమమిది. కారణమును కలదు. వ్యాసము యొక్క రెండు కొనలనుండి జ్యా యొక్క కొనకు రెండు గీతలు గీచినచో అచ్చట లంబకోణ మేర్పడును. సగము జ్యా ఆ త్రిభుజమును రెండు చిన్న త్రిభుజములుగా చీల్చును. ఆ రెండును ఒకే అచ్చున పోసినట్లుండును, పరిమాణములు వేరు. కావున ఒకదానిలో శరము సగము జ్యాకు ఎట్లో, రెండవదానిలో సగము జ్యా మిగిలిన వ్యాసమునకు అట్లే. నేటి పదవ తరగతిలో సరూపత్రిభుజములని చెప్పునది ఇదియే.

ఈ జ్యా యను మాట చేసిన దేశాటనము వినదగినది. దీనికి జీవ యనియు పేరు. మన జ్యోతిషగ్రంథములు బాగ్దాదు చేరినపుడు అరబ్బులు ఆ మాటను తమ లిపిలో వ్రాసికొనిరి. వారి లిపిలో అచ్చులు విడిచి వ్రాయుట వాడుక కావున అది పిదప జైబ్ అని చదువబడెను. జైబ్ అనగా వారి భాషలో వస్త్రపు మడత. పండ్రెండవ శతాబ్దిలో దానిని లాటినులోనికి తెచ్చినవారు మడతకు తమ మాటయగు సైనస్ పెట్టిరి. అదియే నేడు మన బాలుడు పలుకు సైన్. అరబ్బుల జైబే జేబై మన చొక్కాకు కుట్టబడినది. వింటినారి మడతయై, మడత జేబై, మరల మన బడికి పరదేశివలె వచ్చినది. దాని పుట్టినిల్లు తెలియని బాలుడు అది తనకు పరాయిదని జంకుచున్నాడు.

ఇంతటి సంపద గలవారము గదా, మరి మన వీధిబడులు దీనిని ఎట్లు నిలుపుకొనెను? ఇచ్చట మనము గొప్పలు మాని నిజము చూడవలెను. 1822లో మద్రాసు గవర్నరగు సర్ థామస్ మన్రో, జిల్లాలలోని బడులను విచారింపుమని ఉత్తరువిచ్చెను. బళ్లారి కలెక్టరగు కాంబెల్ 1823లో నివేదిక పంపెను. ఆయన తెలుగునకు వ్యాకరణము వ్రాసిన దొర. భాష తెలియనివాడు కాడు. పిల్లలు ఇసుకలో వ్రేలితో అక్షరములు దిద్దుటను, ఎక్కములు వల్లించుటను ఆయన వ్రాసెను. పద్యము లనేకము ఒప్పజెప్పు బాలునకు వాని యర్థము చిలుకకు తెలిసినంతయే తెలియునని కూడ వ్రాసెను. చేదుగా నున్నను అందు నిజము కలదు. వీసమునకు పదునారవపాలని, పాతికకు నాల్గవపాలని నోటిలెక్క చేయుటలో మన కోమటియు కరణమును ఆరితేరినవారే. కాని మల్లన వ్రాసిన గణితపు ఉపపత్తి, అనగా కారణనిరూపణము, పండితుని యింట తాళపత్రములలోనే యుండిపోయెను. బడికి వచ్చినది ఎక్కము మాత్రమే.

ఉపపత్తి మన సంప్రదాయమునకు పరాయిది కాదు. ఉపపత్తి తెలియని గణకునకు ప్రౌఢుల సభలో గౌరవముండదనియు, తనకును సందేహము తీరదనియు భాస్కరాచార్యుడే హెచ్చరించెను. ఆయన లీలావతికి 1545లో గణేశ దైవజ్ఞుడు వ్రాసిన బుద్ధివిలాసినీ వ్యాఖ్యలో సూత్రములకు ఉపపత్తులు కలవు. సూత్రము కంఠమున నిలుచుటకు పద్యము. అది బుద్ధిలో నిలుచుటకు గురువు చెప్పు కారణము. రెండుకాళ్ల నడక అది. ఒక కాలు బడికి రాలేదు.

నిజాము రాజ్యమున మరియొక యడ్డు కలిగెను. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయము వెలసి ఉర్దూలో శాస్త్రములు చెప్పబూనుట దేశభాషకు గొప్ప గౌరవమే. అందుకై 1917లోనే అనువాదశాల నేర్పరచి గ్రంథములు వ్రాయించిరి. కాని పల్లెనుండి వచ్చిన తెలుగు బాలునకు ఆ ఉర్దూ ఇంటిభాష కాదు. అతడు లెక్కకన్న ముందు భాషతో కుస్తీ పట్టవలసివచ్చెను. 1930లో జోగిపేటయందు సురవరము ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతను ఆంధ్రమహాసభ మొదటిమారు కూడినది మొదలు మాతృభాషలో చదువు కావలెనను కోరిక బలపడుచు వచ్చెను. 1948 పిదప ఆ కోరిక క్రమముగా తీరినది. 1968లో తెలుగు అకాడమి ఏర్పడి కళాశాలల గణితమును గూడ తెలుగులో ముద్రించెను. శ్రేఢి, జ్యా, అవ్యక్తము మరల మన నోట పలికినవి. 2022లో తెలంగాణమందు ప్రభుత్వ పాఠశాలలు ఆంగ్లమాధ్యమునకు మరలుచు, ఒక పుట తెలుగు, ఎదుటి పుట ఆంగ్లముగా పుస్తకములు వేసిరి. ఇది మంచి కుదురుబాటే. రెండు పుటలను చదువు బాలునకు రెండు కన్నులు. ఆంగ్లపు పుటయే చదివి, అదియు అర్థముకాక, వల్లించువానికి కాంబెల్ దొర చెప్పిన చిలుక పోలికయే మిగులును.

శిక్షణాలయముల నన్నిటిని నిందించుట నా యభిమతము కాదు. కారణము చెప్పు ఉపాధ్యాయులను అచ్చట నేనెరుగుదును. కాని పరీక్షకు నిమిషములు లెక్క. ఒక్కొక ప్రశ్నకు నాలుగు సమాధానములిచ్చి ఒకటి గుర్తింపుమందురు. అట్టిచోట సూత్రము పరుగెత్తును, కారణము వెనుకబడును. రెండువందల ఏండ్ల క్రిందట వీధిబడిలో జరిగినదే నేడు మేడలలో, శీతలయంత్రముల క్రింద జరుగుచున్నది. అప్పుడు గురువునకు ముట్టినది గంపెడు ధాన్యము. ఇప్పుడు ముట్టునది ఎకరము పంట. ఇంత వ్యయము చేసి సగము చదువు తెచ్చుకొనుట మన పల్లెలకు తగదు. సూత్రము వల్లించినవాడు ప్రశ్న మారగానే నిలిచిపోవును. పరీక్ష తప్పి ఇల్లుచేరినచో తాను మందబుద్ధినని జీవితమంతయు కుములును. వానిది మందబుద్ధి కాదు. వానికి ఎవరును మడి మూలను చూపలేదు.

పెద్దలారా, మీరు చేయదగిన పని యొకటి కలదు, దానికి రొక్కమక్కరలేదు. పండుగకు పిల్లవాడు ఇల్లుచేరినపుడు మార్కులడిగి ఊరకుండకుడు. "ఈ లెక్క ఎందుకట్లు వచ్చును, నాకు గింజలతో చూపుము" అని యడుగుడు. మీకు గణితము రాకున్నను అడుగవచ్చును. రానివానికి తెలియజెప్పుటయే వానికి పరీక్ష. విరిగిన చక్రపు ముక్కనో, గుండ్రని పళ్లెపు అంచునో చూపి దీని వ్యాసమెంత యనుడు. మీ అప్పునోటు ముందు పెట్టి ఇది ఏ శ్రేఢి యనుడు. వాడు చెప్పగలిగినచో మీ పంట ఫలించినది. చెప్పలేకున్నచో కోపపడక, ఇద్దరును కూర్చుండి గింజలు పేర్చుడు. మల్లన గణితమును తెలుగు చేసి తొమ్మిదివందల ఏండ్లు గడచినవి. అది ఇంకను మన పంచలకు చేరవలసియున్నది. సెలవు.